సంతోషం, నిండుకున్నాయి!

నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడలేని పిల్ల ఊరికి ఏం కీడు చేయగలదు? ఏమీ చేయలేదని మా ఇంట్లో అందరూ నమ్మేవారు. నేనూ అదే నమ్మకంతో డిగ్రీ దాకా వచ్చాను. ఆ నమ్మకాన్ని ఒకే ఒక్క మాటతో, అదీ నోటితో అన్నది కాదు, కంప్యూటర్ తెర మీద రాసిన మాటతో, ఎలా మట్టి కరిపించానో ఇప్పుడు చెప్పబోతున్నాను. ఒక లారీ, రెండు మండలాలు, మా నాయన సహనం, ఎన్నాళ్ళకో కురిసిన ఒక మంచి వాన, అన్నీ ఆ మాటలో ఇరుక్కుని గిలగిలా కొట్టుకున్నాయి. చివరికి ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఎవరైనా ‘సంతోషం’ అంటే గుండె గుభేలుమంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. కదిరిలో వేరుశనగ విత్తనాలు పంచే ఒక డిపోలో నాకు కంప్యూటర్ ఉద్యోగం దొరికింది. మా ఊరు చిలమత్తూరు పక్కన. అక్కడ నాయన, అమ్మ, అవ్వ, మాకున్న కాస్త మెట్ట పొలం. కదిరిలో పిన్ని వాళ్ళింట్లో ఉండి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. నా సిగ్గు ఎలాంటిదంటే, ఆటోలో నా స్టాపు వచ్చినా ‘ఆపన్నా’ అనడానికి గొంతు పెగిలేది కాదు. ఇంకెవరైనా దిగేదాకా బిగుసుకుని కూర్చుని, వాళ్ళతోపాటు దిగి, అంత దూరమూ వెనక్కి నడిచి వచ్చేదాన్ని. అలా నడిచీ నడిచీ కదిరిలో నాకు తెలియని సందు లేకుండా పోయింది. చీరల కింద దాచుకున్న నవలలు, రోజూ రాసుకునే డైరీ, ఇవే నా స్నేహితులు. బయట అనలేని మాటలన్నీ డైరీలో అనేదాన్ని. డైరీలో నేను మహా వాగుడుకాయను.

మా డిపో పెద్దది. లారీలు మొదట మా దగ్గరికే వచ్చేవి. అక్కడి నుంచి తనకల్లు, చిలమత్తూరుల్లో ఉన్న చిన్న డిపోలకు వెళ్ళేవి. ఎక్కడ ఎన్ని మూటలున్నాయో చిన్న డిపోలవాళ్ళు తమ కంప్యూటర్లలో కొడితే, అది ఫోన్ లైను మీదుగా కీచుమంటూ వచ్చి మా తెర మీద కనిపించేది. దాన్ని చూసి లారీ ఎటు పోవాలో చెప్పే పెద్దమనిషి బసవరాజప్ప. ఆయనది మడకశిర అవతల పల్లె. లారీ డ్రైవర్లందరికీ ఆయనంటే భయం. ఆయనకు మాత్రం ఒక్కటే భయం. తెర మీద హఠాత్తుగా ఊడిపడి ఏదో ఒకటి అడిగే చిన్న పెట్టె.

దాన్ని డైలాగ్ బాక్స్ అంటారని నేను కాలేజీలో చదువుకున్నాను. మా డిపోలో ‘డబ్బా’ అనేవాళ్ళు. “మళ్ళా డబ్బా పడింది పాపా!” అని బసవరాజప్ప కేకేస్తే నేను పరిగెత్తాలి. బెంగళూరులో ఎవరో తయారుచేసిన ఆ ప్రోగ్రాంలో డబ్బాలన్నీ ఇంగ్లీషులోనే అడిగేవి. ఒక లారీని ఆపాలనుకుంటే, ‘క్యాన్సిల్ చేయాలా?’ అని అడిగి, కింద రెండు బటన్లు పెట్టేది. ఒకటి ఓకే, రెండోది క్యాన్సిల్.

“లారీ క్యాన్సిల్ చేయల్లంటే క్యాన్సిల్ నొక్కల్లనా, ఓకే నొక్కల్లనా?” అన్నాడు బసవరాజప్ప.

“ఓకే సార్,” అన్నాను తల వంచుకుని, నా చెప్పులకు చెబుతున్నట్టు.

“ఓకే అంటే సరే కదా. సరే అంటే లారీ పోవల్ల కదా?”

“కాదు సార్. క్యాన్సిల్‌ని ఓకే అనాలి.”

“మరి క్యాన్సిల్ నొక్కితే?”

“క్యాన్సిల్ చేయడం క్యాన్సిల్ అవుతుంది సార్. లారీ పోతుంది.”

ఆయన వక్క నములుతూ చాలాసేపు ఆలోచించాడు. “అంటే లారీ పోవల్లంటే క్యాన్సిల్, పోగూడదంటే ఓకే. ఇది అచ్చం మా అత్తగారిల్లు మాదిరి ఉండాదే! ఆడ వద్దంటే వడ్డిస్తారు, పెట్టమంటే చేయి కడుక్కోమంటారు.”

అదేమిటో, ఆ రోజు నుంచి నాకు కుదురు పోయింది. కూర్చుంటే డబ్బా, నిలబడితే డబ్బా. పిన్ని అన్నం పెడుతూ “ఇంకొంచెం వేయనా?” అంటే, కింద ఏ రెండు బటన్లు పెడితే బాగుంటుందా అని చూసేదాన్ని. చివరికి ఎలాగో ధైర్యం చేసి, బెంగళూరుకు ఫోన్ చేసి, సగం మాటలు మింగేస్తూ అడిగాను. అక్కడి అబ్బాయి సగమే విని, ‘డబ్బాల్లో మాటలన్నీ ఒకే ఫైల్లో విడిగా ఉంటాయి, తెలుగులో పెట్టుకోవాలంటే పెట్టుకోండి, రంగులు కూడా మీ ఇష్టం’ అన్నాడు. మీ ఇష్టం! నా జీవితంలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. 

ఆ సాయంత్రమే లారీ డబ్బా మార్చేశాను. ‘ఈ లారీని ఆపేయాలా?’ అని ప్రశ్న. కింద ఒక బటన్ మీద ‘ఆపేయండి’, రెండో దాని మీద ‘పోనివ్వండి’. 

మర్నాడు బసవరాజప్ప దాన్ని చదివి, కుర్చీ వెనక్కి జరిపి, మళ్ళీ చదివాడు. “ఓబులేసు సార్, ఇట్ల రాండి! డబ్బా మనిషి మాదిరి మాట్లాడుతాంది!” అన్నాడు. మా మేనేజర్ ఓబులేసు సార్ వచ్చి చూసి, “ఎవురు చేసినారు? పాపనా? భలే పిల్లే!” అని అందరి ముందూ అన్నారు. నేను మానిటర్ వెనక దాక్కున్నాను. దాక్కున్నాను గానీ, లోపల ఏదో పురుగు మెసిలింది. నేను మాట్లాడలేను. కానీ నా డబ్బాలు మాట్లాడగలవు! నా డబ్బా నేనే కొట్టుకోవడమంటే ఇదేనేమో.

ఇక ఆగలేదు. ప్రోగ్రాం మూసేటప్పుడు ‘ఎగ్జిట్?’ అని మొహం మీద కొట్టినట్టు అడిగేది. మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు ‘పోతా’ అంటే పెద్దవాళ్ళు ఊరుకుంటారా? అందుకని ‘పోయొస్తారా?’ అని మార్చాను. కింద ‘పోయొస్తాం’, ‘ఇంకాసేపు ఉంటాం’. తనకల్లు డిపో ఆపరేటర్ దాన్ని చూపించడానికి తన భార్యను కూడా తీసుకొచ్చాడని విన్నాను. అంతే, నా కాళ్ళు నేల మీద ఆగలేదు.

నవలలు చదివేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. తేలిక మాట ఎదురుగా కూర్చుని ఉన్నా, దాన్ని దాటుకుని వెళ్ళి అందమైన మాటను చేయి పట్టుకుని తీసుకొస్తారు. ఎవరైనా తప్పు అంకె కొడితే వచ్చే డబ్బాలో ‘క్షమించండి’ అని పెడదామనుకున్నాను. నా దగ్గరున్న తెలుగు అక్షరాల్లో ‘క్ష’ బదులు ఒక చతురస్రం పడుతోంది. సరే, క్షమాపణ లేకపోతేనేం అని వదిలేశాను. (ఆ తర్వాత ఆ మాట అవసరం అందరికంటే నాకే ఎక్కువ పడింది.) ‘అయ్యో! అర్థం కాలేదు. మరొకసారి సెలవిస్తారా?’ అని రాశాను. కింద ఒకే బటన్, ‘సెలవిస్తాం’. చదువుకుని నేనే మురిసిపోయాను.

రెండో రోజు చిలమత్తూరు నుంచి ఫోన్. అక్కడి డిపో చూసుకునే నరసింహప్ప గొంతు ఫోన్ లేకపోయినా కదిరికి వినిపించేది. 

“ఏం పాపా, మీ కంప్యూటరు సెలవు అడుగుతాంది. ఇయ్యొచ్చునా? మేనేజరు ఒప్పుకున్నాడా?”

“సెలవా?”

“అవును. సెలవిస్తారా అని అడిగె. పాపం, పొద్దున్నుంచి పని చేస్తాంది కదా అని ఇచ్చేసినా. ఇచ్చినాక కూడా మళ్ళా అడుగుతాంది. ఇంగ లాభం లేదని ఆపేసి, పైన దుప్పటి కప్పినా. ఎన్ని దినాలు పడుకుంటాదంట?”

తెలివైన మనిషి అయితే అక్కడ ఆగి ఆలోచిస్తుంది. నేను ఆ రాత్రి డైరీలో ఏం రాసుకున్నానో చెబితే నవ్వుతారు. ‘ప్రజల్లో భాషాభిరుచి పెరగాలి’ అని రాసుకున్నాను. 

ఇంతలో వానాకాలం వచ్చింది. వచ్చిందంటే, వాన వచ్చిందని కాదు. మా వైపు వానాకాలం అంటే వాన కోసం ఎదురుచూసే కాలం. పడమటి నుంచి మబ్బు, మా మాటలో చెప్పాలంటే మోడం, పట్టేది, ఉరిమేది, కర్ణాటకకు వెళ్ళిపోయేది. ఆకాశంలో ఒక మోడం, ఆఫీసు బల్ల మీద ఒక మోడెం. రెండూ గురగురలాడడమే గాని పనిచేసేవి కావు. ఓబులేసు సార్ కుర్చీలో కూర్చునేవారు కాదు. బయటికి వెళ్ళి పైకి చూసేవారు, లోపలికి వచ్చి కూర్చునేవారు, సీటు వెచ్చబడకముందే మళ్ళీ లేచేవారు. నాయన రెండు రోజులకోసారి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు.

“మోడం పట్టిందిమ్మా. ఈ పొద్దో రేపో పడేట్టుండాది. మీ ఆఫీసులో ఇత్తనాలు ఉండాయి కదా?”

“ఉన్నాయి నాయనా.”

“చిలమత్తూరుకు పంపిచ్చల్ల. పోయినేడు వాన పడినాక లారీ వచ్చేలోగా పదును ఆరిపాయ. చేను బీడు పెట్టుకుంటిమి.”

ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. పదును అంటే వాన పడ్డాక నేలలో నిలిచే తడి. మా ఎర్ర నేలల్లో అది పెళ్ళికి వచ్చిన చుట్టంలా హడావుడిగా వచ్చి హడావుడిగా పోతుంది. అది ఉన్నప్పుడే విత్తనం పడాలి. పడకపోతే ఆ ఏడు అంతే సంగతులు.

ఆ రోజుల్లోనే ఓబులేసు సార్ నా బల్ల దగ్గరకు వచ్చారు. “పాపా, రైతులు కిటికీ కాడ నిలబడి మన తెర చూస్తాండారు. ఏదన్నా డిపోలో సరుకు అయిపోతే ‘నిల్’ అని ఎర్రగా పడుతుంది కదా. ఇత్తే దినాల్లో లేవు అనే మాట ఏంటికి? దాన్ని గూడా రోంత మంచిగా మార్చు.”

చూశారా, నేను నా అంతట నేనుగా చేయలేదు. పై అధికారి ఆదేశం. నేను చేసిందల్లా ఆ ఆదేశాన్ని నెత్తిన పెట్టుకుని గంతులేయడం.

మంచి మాట అనగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. చిన్నప్పుడు గంపలోకి తొంగి చూసి “రాగులు లేవవ్వా” అన్నందుకు నా నెత్తిన ఒక మొట్టికాయ పడింది. “లేవు అనగూడదు మే! అట్లంటే ఇంట్లో నిజంగానే లేకుండా పోతాయి. నిండుకున్నాయి అనల్ల!” అంది అవ్వ. తినే వస్తువు అయిపోతే నిండుకుంది అనడం, అది మళ్ళీ నిండాలని కోరుకోవడం. ఎంత గొప్ప మాట! ఇంగ్లీషు వాళ్ళ డబ్బాలో ఇలాంటి మాట ఉంటుందా? నా కళ్ళు చెమర్చాయి కూడా. 

కొత్త డబ్బాలో ఇలా రాశాను: ‘శుభం! చిలమత్తూరు డిపోలో విత్తనాలు నిండుకున్నాయి. లారీని పంపుదామా?’ కింద ‘పంపుదాం’, ‘అక్కర్లేదు’. ఎరుపు అశుభమని తీసేసి ఆకుపచ్చ రంగు వేశాను. అక్కడితో ఊరుకోకుండా చుట్టూ చిన్న మామిడాకుల తోరణం కూడా కట్టాను. తనకల్లుకూ అలాంటిదే. ఓబులేసు సార్ చూసి చేతులు జోడించినంత పని చేశారు. ఆయన ఇంట్లో తెలుగే మాట్లాడతారు మరి.

చివరికి ఒక రాత్రి చిలమత్తూరు వైపు వాన పడింది. మామూలు వాన కాదు, నాయన మాటల్లో చెప్పాలంటే ‘నేల కడుపారా తాగిన వాన’. తెల్లవారేసరికి అక్కడి డిపో ముందు వరస. నరసింహప్ప ఉన్న మూటలన్నీ పంచాడు. మధ్యాహ్నం కాకముందే ఆఖరి మూట మా నాయన ముందున్న మనిషి ట్రాక్టర్ ఎక్కింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే గోడ దూకి పారిపోయేదాన్ని.

మా దగ్గర లారీ నిండా విత్తనాలు సిద్ధంగా ఉన్నాయి. డ్రైవర్ మస్తానన్న బండి ఎక్కి కూర్చుని ఎటు పోవాలో చెప్పమని హారన్ కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడు బసవరాజప్ప తెర మీద, తోరణంతో సహా, పచ్చగా, పెళ్ళి శుభలేఖలా డబ్బా పడింది.

ఆయన గట్టిగా చదివాడు. “శుభం. చిలమత్తూరు డిపోలో విత్తనాలు నిండుకున్నాయి. లారీని పంపుదామా?” 

అవతలి గదిలో ఉన్న నేను ఆ చదవడం విని, అక్షరాలు ఎంత బాగా పలుకుతున్నాయా అని మైమరిచిపోయాను. ఆయన లోపల ఏమనుకున్నాడో ఆ తర్వాత ఆయనే చెప్పాడు. ‘నిండినాక ఇంగేంటికి పంపేది? ఈ పాపకు మర్యాద ఎక్కువ. పెండ్లి బంతిలో కడుపు నిండినాక గూడా ఇంగ రోంత వేయమంటారా అని అడగరా? ఇదీ ఆ మాదిరే.’ అలా అనుకుని, పెళ్ళి బంతిలో విస్తరి మీద చేయి అడ్డం పెట్టినంత మర్యాదగా, ‘అక్కర్లేదు’ నొక్కాడు. 

ఆ వెంటనే ఇంకో డబ్బా పడింది. తనకల్లులో విత్తనాలు కొంచెం తగ్గాయి, లారీని పంపుదామా అని. తగ్గాయి అనే మాట ఆయనకు తెలుసు. ‘పంపుదాం’ నొక్కి, “మస్తానూ, తనకల్లుకు పో!” అని కిటికీలోంచి అరిచాడు. లారీ వెళ్ళిపోయింది. తనకల్లులో అప్పటికి చినుకు కూడా పడలేదు.

కాసేపటికి ఫోన్ మోగింది. అవతల నరసింహప్ప. ఆయన గొంతు సంగతి చెప్పాను కదా, రెండు వైపులా మాటలు నాకు స్పష్టంగా వినబడుతున్నాయి.

“బసవన్నా! ఈడ నిండుకున్నాయి!”

“చూసినా, చూసినా. శానా సంతోషం!”



“సంతోషమా?”

“కాదేందప్పా మరి? ఇత్తే దినాల్లో నిండుకుంటే అంతకంటే ఏం కావల్ల!”

“ఏమప్పా, పొద్దున్నే ఏమన్నా తాగినావా? జనం నిలబడి ఉండారు. నిండుకున్నాయని చెప్తాండా!”

“జనం ఉండారు, ఇత్తనాలు నిండుకున్నాయి. ఇంగేం, అందరికీ ఇయ్యి!”

“ఏమి ఇయ్యల్ల? నా తలకాయనా?”

“నీకు అట్ల ఎక్కువైతే రోంత మాకు పంపిచ్చు!”

‘లేవు’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నరసింహప్ప చుట్టూ రైతులున్నారు, నేల తడిగా ఉంది, అది విత్తే రోజు. ఆ మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. అందుకని చెవిటివాడికి చెప్పినట్టు “నిండుకున్నాయి! నిండుకున్నాయప్పా! పూర్తిగా నిండుకున్నాయి!” అని అరిచాడు. ఎంత గట్టిగా అరిస్తే బసవరాజప్పకు గోడౌన్ అంతగా నిండుతూ పోయింది. ఇంతలో లైను తెగింది.

“పాపం, సంతోషం పట్టలేక అరుస్తాండాడు,” అన్నాడు బసవరాజప్ప ఫోన్ పెట్టేస్తూ.

నాకేం అనిపించిందో తెలుసా? నా మాట ఫోన్లలో కూడా వాడుకలోకి వచ్చిందని గర్వం! ఆ గర్వం చల్లారకముందే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి నాకు. నాయన.

“పాపా, పొద్దున్నుంచి వరసలో నిలబడి ఉండా. నా ముందరోనికి ఆఖరి మూట పాయ. ఇత్తనాలు నిండుకున్నాయి లారీ పంపమని నరసింహప్ప ఫోన్ చేస్తే, మీ ఆఫీసోడు ఎవడో శానా సంతోషం అన్నాడంట! ఎవుడు వాడు? రైతు ఏడుస్తాంటే సంతోషం అనేవాడు మనిషేనా? ఈ ఎండకు పదును రేపు మధ్యాహ్నం దాకా నిలిస్తే ఎక్కువ. చేనంతా దున్ని పెట్టుకోనుండా. ఏందో కనుక్కో తల్లీ.”

లేచి బసవరాజప్ప దగ్గరకు వెళ్ళాను.

“సార్… నిండుకున్నాయంటే… మీకేమర్థమైంది?”

“అదేం అడుగుతావు పాపా? నిండు కుండ, నిండు చెరువు, నిండు నూరేళ్ళు. నిండు అంటే ఫుల్లు అని మా అయ్యవారు బడిలోనే చెప్పినాడు.”

“మీ ఇంట్లో రాగులు అయిపోతే ఏమంటారు సార్?”

“మా ఇంట్లో కన్నడ కదా. ఖాలీ ఆయ్తు అంటారు.”

ఖాళీ! ఎంత చక్కని మాట! తెలుగులో ఉంది, కన్నడంలో ఉంది, ఉర్దూలో ఉంది. కదిరి సంతలో సంచి తలకిందులు చేసి చూపించే ప్రతి మనిషికీ తెలుసు. నాకు తప్ప!

“సార్, నిండుకున్నాయంటే అయిపోయాయని,” అన్నాను. బహుశా ఏడుస్తూ అన్నానేమో.

బసవరాజప్ప నోట్లో వక్క ఆగిపోయింది. “అయిపోయినాయా? మరి శుభం అని ఏంటికి రాసినావు? తోరణం ఏంటికి కట్టినావు?”

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. లారీ రాగానే వెనక్కి పంపమని చెప్పడానికి తనకల్లు డిపోకు ఫోన్ చేశాడు. కీ… అని అరుపు. అక్కడి మోడెం లెక్కలు పంపుతూ లైను పట్టుకుని కూర్చుంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ కీ. “రైల్వే గేటు పడుండాదేమో, మస్తాను ఇంగా ఊరు దాటిండడు,” అని ఆయన అంటూ ఉండగానే నేను రోడ్డు మీద ఉన్నాను. నా కాళ్ళు అంత వేగంగా నడవగలవని నాకే తెలియదు. ఆటో ఎక్కి కూర్చున్నాను.

“యాడికి పాపా?”

“లారీ.”

“ఏ లారీ?”

“ఆ లారీ. అన్నా, తొందరగా!”

పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడు పరిగెత్తే మనిషిలా ఆటో పోయింది. రైల్వే గేటు అప్పుడే లేస్తోంది. అవతలి వైపుకు పాకుతూ మా లారీ. మధ్యలో ఒక బస్సు, రెండు ఎద్దుల బండ్లు, ఒక గొర్రెల మంద. ఆటో కదలదు. లారీ కదులుతోంది. ఇంకో నిమిషం ఆగితే అది తనకల్లు రోడ్డు ఎక్కి పోతుంది. దానితోపాటు మా చేను కూడా.

దిగాను. నోరు తెరిచాను. పుట్టినప్పటి నుంచి మింగిన మాటలన్నీ కలిసి ఒక్కటిగా వచ్చాయి.

“ఆపన్నా!”

మీరు నమ్మరు. లారీ ఆగింది. బస్సు ఆగింది. ఎద్దుల బండ్లు ఆగాయి. గొర్రెలు కూడా ఆగి, ఎవరిని పిలుస్తోందా అని నావైపు చూశాయి. నాతో వచ్చిన ఆటో అన్న మాత్రం చెవిలో వేలు పెట్టుకుని తిప్పుకుంటున్నాడు.

మస్తానన్న తల బయటికి పెట్టాడు. “ఏందమ్మా, ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?”

“చిలమత్తూరుకు పోవాలి! అక్కడ విత్తనాలు లేవు! లేవన్నా! అస్సలు లేవు! ఖాళీ!”

ఇక నాకు హద్దు లేదు. ఇన్నాళ్ళూ అవ్వ మొట్టికాయకు భయపడి దాచుకున్న ‘లేవు’లన్నీ రైల్వే గేటు దగ్గర కుమ్మరించాను. గొర్రెలు కాసే పెద్దాయన కర్ర నేలకు కొట్టి, “ఏం పిల్లవు మే నువ్వు! వాన పడిన పొద్దు నడిరోడ్డులో నిలబడి లేవు, లేవు అని అరుస్తాండావు! ఇంట్లో పెద్దోళ్ళు లేరా నీకు?” అని తిట్టాడు.

ఉన్నారు తాతా. వాళ్ళు నేర్పబట్టే ఇక్కడిదాకా వచ్చాను.

లారీ వెనక్కి తిరిగింది. చీకటి పడకముందే చిలమత్తూరు చేరింది. మర్నాడు పదును ఆరకముందే నాయన చేనంతా విత్తాడు. ఆ సంగతి ఫోన్‌లో వినేదాకా నేను పిన్ని వాళ్ళింట్లో ఒక చోట కూర్చోలేదు. డబ్బా సంగతి మాత్రం లారీ వెనక్కి తిరిగిన సాయంత్రమే తేలిపోయింది. ఓబులేసు సార్ నా వెనక నిలబడి, నా చేత తోరణం విప్పించి, శుభం తీయించి, ఎర్ర రంగు వేయించి, ‘ఖాళీ. లారీ పంపాలా?’ అని రాయించారు. బసవరాజప్ప దాన్ని చదివి, “ఇదీ డబ్బా అంటే!” అన్నాడు. 

ఆదివారం ఊరికి వెళ్ళాను. అందరం సంగటి తింటున్నాం. నాయన ఇంకా ఆ కోపంలోనే ఉన్నాడు.

“ఆ బసవరాజప్పది తప్పు కాదంట. కంప్యూటర్లో ఎవడో అట్ల రాసిపెట్టినాడంట. వాడు నా చేతికి దొరకల్ల!”

నేను సంగటి ముద్దను చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

“ఏమని రాసినాడంటరా?” అంది అవ్వ.

“నిండుకున్నాయి అని రాసినాడంట.”

“అయితే మంచిగానే రాసినాది కదరా! పద్ధతి తెలిసిన ఇంటి పిల్ల ఎవురో.”

“పిల్ల అని నీకెట్ల తెలుసు?”

“మగోనికి వంటింటి మాట ఎట్ల తెలుస్తాదిరా? అదీ గాక, మీ నరసింహప్ప చెప్పె, తోరణం గూడా కట్టినాదంట. ఏ మగోడు కట్టినాడు తోరణం?”

ఒక్కొక్కరే తలలు తిప్పి నావైపు చూశారు. నాకు పొలమారింది. అమ్మ నీళ్ళ చెంబు నాముందు పెట్టింది. నాయన నన్ను చాలాసేపు చూశాడు. ఆ చూపు కంటే ఆ గొర్రెల తాత తిట్టే నయం. తర్వాత ఆయన అమ్మవైపు తిరిగాడు.

“ఇంగ రోంత సంగటి ఉండాదా?”

“నిండుకున్నాది,” అంది అమ్మ, అలవాటుగా.

నాయన లేచి చేయి కడుక్కుంటూ అన్నాడు. “శానా సంతోషం!”

ఇదిగో, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉప్పు, చింతపండు, కిరసనాయిలు, ఏది నిండుకున్నా ఒకరు సంతోషం అనడం, మిగతావాళ్ళు నావైపు చూడడం ఆచారమైపోయింది. అందుచేత నేను, ఇంటి పెద్దల సాక్షిగా, నాయన విత్తిన చేను సాక్షిగా, రైల్వే గేటు దగ్గర ఆగిన ఆ గొర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ డబ్బాలోనూ అందమైన మాట రాయను. శుభం అనను, సెలవిమ్మనను, ఆకుపచ్చ జోలికి పోను, తోరణం కట్టను. ఖాళీని ఖాళీ అనే అంటాను. ఈ ప్రమాణాన్ని క్యాన్సిల్ చేయాలా అని ఎవరైనా నన్ను అడిగితే, దయచేసి కింద ఓకే, క్యాన్సిల్ అని రెండు బటన్లు మాత్రం పెట్టకండి. ఏది నొక్కాలో నాకు ఇప్పటికీ తెలియదు.